ఈ బాతు ఎవరిది?

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం ఉదయం, కువైట్ దక్షిణాన ఉన్న వఫ్రా పొలాల దగ్గర నేనొక "అరుదైన" పక్షిని కనిపెట్టాను. ఒళ్ళంతా తెలుపు, పొడుగాటి మెడ, నారింజరంగు ముక్కు. ఫోటో తీసి ఫోన్‌లో ఒక యాప్‌కి చూపించాను. అది నాలుగైదు పేర్లు చూపించింది. వాటిలో 'స్నో గూస్' అన్న పేరు నాకు నచ్చింది. నచ్చింది కాబట్టి అదే నొక్కాను. తేదీ, చోటు, సంఖ్య ఒకటి, సబ్మిట్!

మూడు రోజుల తర్వాత ఈమెయిల్ వచ్చింది. రికార్డుల్ని సరిచూసే ఒక వాలంటీర్ ఎంతో మర్యాదగా రెండే ప్రశ్నలు అడిగారు. "రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయా? అది పెంపుడు పక్షి అయ్యే అవకాశం ఉందా?" ఫోటో మళ్ళీ తెరిచి చూశాను. రెక్కల చివర్లు శుభ్రంగా తెల్లగా ఉన్నాయి. ఆ పక్కనే దాణా గిన్నె, నీళ్ళ తొట్టి. స్నో గూస్ ఉత్తర అమెరికా పక్షి, దాని రెక్కల కొసలు నలుపు. నేను చూసింది ఎవరో పెంచుకుంటున్న గూస్, అంటే మన పెద్దబాతు. ఇతరుల డేటాలో తప్పులు పట్టుకుని జీతం తీసుకునేవాణ్ణి, నేనే చెత్త డేటా ఎక్కించానన్నమాట!

అప్పటినుంచి బాతుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాను. ఇందులో ప్రశ్న ఒకటి కాదు, రెండు. ఇది ఏ బాతు? ఇది ఎవరి బాతు? మొదటిదానికి టెక్నాలజీ చాలా సాయం చేస్తుంది. రెండోదానికి మాత్రం మనమే కళ్ళు తెరవాలి.

ముందు కళ్ళు, తర్వాత యాప్

మెర్లిన్ అనే యాప్‌ని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల 2014లో విడుదల చేసింది. ఉచితం. ఫోటో లేకపోయినా అది అయిదు ప్రశ్నలు అడుగుతుంది: ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత సైజు, ఏ రంగులు, ఏం చేస్తోంది? నాకు ఆ సమాధానాల కన్నా ఆ ప్రశ్నలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. బాతుల విషయంలో చివరి ప్రశ్న మరీ ముఖ్యం. తల ముంచి, తోక పైకెత్తి నీటి పైపైన మేసేవి ఒక జాతి. మల్లార్డ్, టీల్, పిన్‌టెయిల్, షవలర్ ఈ గుంపులోవి. పూర్తిగా మునిగిపోయి ఇంకోచోట తేలేవి మరో జాతి. పోచార్డ్, టఫ్టెడ్ డక్ అలాంటివి. ఈ ఒక్క 'ఇఫ్ - ఎల్స్'తో సగం జాబితా ఎగిరిపోతుంది.

తర్వాత చూడాల్సింది ఆకారం. షవలర్ ముక్కు గరిటెలా వెడల్పుగా ఉంటుంది. పిన్‌టెయిల్‌కి సన్నని మెడ, సూదిలాంటి తోక. టీల్ వీటన్నిటికన్నా చిన్నది. రంగుని ఆఖరున నమ్మాలి. ఎందుకంటే సంతానకాలం అయిపోగానే మగబాతులు రంగుల ఈకలు రాల్చేసి కొంతకాలం అచ్చం ఆడవాటిలా మారిపోతాయి. సెప్టెంబరులో ఇక్కడికి దిగిన బాతుల్ని చూసి "అన్నీ ఆడవే వచ్చాయి" అని డైరీలో రాసుకున్న ఘనత కూడా నాదే. అలాంటప్పుడు రెక్కమీది మెరిసే పట్టీ చూడాలి. మల్లార్డ్‌కి నీలం పట్టీ, దానికి రెండు వైపులా తెల్ల అంచు. టీల్‌కి ఆకుపచ్చ. గాడ్‌వాల్‌కి తెల్ల మచ్చ.

మొదట్లో ఖరీదైన కెమెరా అక్కర్లేదు. 8x42 బైనాక్యులర్స్ చాలు. 8 అంటే ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో.

జహ్రా చెరువు

కువైట్‌లో నది లేదు. తాగేనీళ్ళలో చాలాభాగం సముద్రపు నీటిని మంచినీరుగా మార్చినవే. మనం వాడి వదిలేసిన నీళ్ళని శుద్ధి చేసి పంపితే, నగరానికి పడమరన ఉన్న జహ్రాలో రెల్లుపొదలతో ఒక చెరువు తయారైంది. అది ఇప్పుడు రక్షిత ప్రాంతం. యూరప్, ఆసియాల నుంచి దిగివచ్చే పక్షులకి ఎడారిలో అదొక మజిలీ. చలికాలంలో బాతులకోసం వెళ్ళాల్సిన చోటు అదే. అయితే ప్రవేశానికి అనుమతి సంగతి ముందే కనుక్కుని వెళ్ళండి. ఇంకో మాట: సరిహద్దులు, ఆయిల్ ప్లాంట్లు, మిలిటరీ స్థలాల దగ్గర బైనాక్యులర్స్, కెమెరా బయటికి తీయకండి. బాతుకోసం వచ్చానంటే నమ్మేవాళ్ళు తక్కువ!

జహ్రాలో నేను చేసిన మొదటి తప్పు, నల్లటి ఒళ్ళు, తెల్లటి ముక్కు ఉన్న పక్షిని బాతు అనుకోవడం. అది కూట్. నీళ్ళలో ఈదినంత మాత్రాన బాతు కాదు. బాతుకి వేళ్ళ మధ్య పొర ఉంటుంది. కూట్‌కి వేళ్ళు విడివిడిగా ఉండి, ఒక్కో వేలికీ రెబ్బల్లాంటి చర్మం ఉంటుంది.

పిక్సెల్స్‌లో లేని సంగతి

ఇక రెండో ప్రశ్న. ఫోటో గుర్తించే మోడల్ పిక్సెల్స్ చూసి పేరు చెప్తుంది. పక్షి దానంతటది వచ్చిందా, ఎవరైనా తెచ్చారా అన్నది పిక్సెల్స్‌లో ఉండదు. అందుకే ఐనాచురలిస్ట్‌లో "పెంపుడు" అని గుర్తుపెట్టే ఒక ఫ్లాగ్ ఉంది. 2002లో మొదలైన ఈబర్డ్‌లో బందీగా ఉన్న పక్షుల్ని లెక్కలోకి తీసుకోరు. తప్పించుకుని స్వేచ్ఛగా తిరిగేవాటికి 2022 నుంచి వేరే వర్గాలున్నాయి.

ఒక్క ఫ్లాగ్ గురించి ఇంత గొడవ ఎందుకంటారా? మెర్లిన్ మీకు ఏ పక్షులు కనిపించవచ్చో చెప్పేది, ఆ చోట ఆ వారంలో ఏవి కనిపించాయన్న ఈబర్డ్ రికార్డుల్ని బట్టే. నాలాంటివాళ్ళు పదిమంది పెంపుడు బాతుల్ని అడవి బాతులుగా ఎక్కించి, ఎవరూ పట్టుకోకపోతే, రేపు పదకొండోవాడికి యాప్ అదే పేరు చూపిస్తుంది. వాడూ దాన్నే నొక్కుతాడు. మన తప్పే సాక్ష్యంగా తిరిగొస్తుంది. ఆ వాలంటీర్ ఆపింది ఈ చక్రాన్నే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? వఫ్రాకి మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే ఒక కడప ఆయన నాకు మంచి పాఠం చెప్పాడు. "తోకమీద ఈకలు సుట్ట తిరిగినాయంటే అది మొగది సార్. గట్టిగా అరిసేది ఆడది. ఇవన్నీ మన ఊర్లో కోతలైనాక మళ్ళల్లో మేపే బాతులట్లాంటివే." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మస్కవీ బాతుని మినహాయిస్తే, ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ సంతతే. ఆ చుట్ట తోక అడవి మగ మల్లార్డ్‌కీ ఉంటుంది. కాబట్టి తోక ఒక్కటే చాలదు. బరువైన ఒళ్ళు, నిలువు నడక, తెలుపు మచ్చలు, కత్తిరించిన రెక్క, మనిషిని చూసి బెదరకపోవడం, ఇవన్నీ కలిపి చూడాలి. కాలికి రింగు ఉందని పెంపుడుదని తేల్చేయకూడదు, పరిశోధకులు అడవి పక్షులకీ రింగులు వేస్తారు. పార్కులో తిండికి అలవాటుపడ్డ అడవిబాతు కూడా దగ్గరికొస్తుంది. ఏ ఒక్క సాక్ష్యమూ తీర్పు కాదు.

జక్కవ

చివరగా ఒక పాత స్నేహితుడు. రాత్రయితే జంట విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకునే జక్కవల గురించి తెలుగు క్లాసులో విన్నాం గదా. ఆ చక్రవాకమే రడ్డీ షెల్‌డక్. ఒళ్ళంతా కాషాయం, తల లేతరంగు, రెక్క విప్పితే తెలుపు, కొసలు నలుపు. మధ్య ఆసియా, టిబెట్, లడాఖ్‌లలో పిల్లల్ని పెట్టి చలికాలానికి మనదేశం వస్తుంది. కువైట్‌లోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. అందమైనది కాబట్టి చాలాచోట్ల పెంచుతారు కూడా. యూరప్‌లో కొన్నిచోట్ల తప్పించుకున్నవి స్థిరపడిపోయాయి. అంటే రెండు ప్రశ్నలూ కలిసే పక్షి.

మొన్న జనవరిలో జహ్రా చెరువు అవతలి ఒడ్డున రెండు కాషాయపు మచ్చలు కనిపించాయి. ఫోన్ జేబులోనే ఉంచాను. పదిహేను నిమిషాలు చూశాను. టీల్స్ బెదిరి లేచినప్పుడు అవీ లేచాయి. రెక్కలు పూర్తిగా ఉన్నాయి, కాళ్ళకి ఏమీ లేదు, మనుషులవైపు రాలేదు. ఇంటికొచ్చి పేరుకన్నా ముందు ఇవన్నీ నోట్స్‌లో రాశాను. కింద ఇంకో వాక్యం కలిపాను: "ఇవి తప్పించుకున్నవి కావని నేను ఖచ్చితంగా చెప్పలేను."

ఈసారి వాలంటీర్ నుంచి ప్రశ్నలేవీ రాలేదు.