పేరులో ఓఆర్‌ఎస్, పెట్టెలో చక్కెర

"అన్నా, పిలగానికి మోషన్లు అయితున్నయి. ఓఆర్‌ఎస్ ఇయ్యి. పొడి వద్దు, జ్యూస్ లెక్క ఉంటది గదా, గది."

నల్గొండ జిల్లాలో మెడికల్ షాపు నడుపుతున్న నాకు ఎండాకాలం వచ్చిందంటే ఈ మాట మామూలే. అడిగిన తల్లిని తప్పుపట్టలేం. పెట్టె మీద ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలూ పెద్దగా కనపడేవి. పక్కన యాపిల్ బొమ్మ, వెనక స్ట్రా. పిల్లాడు మారాం చేయకుండా తాగేస్తాడు. పైగా అమ్మేది మందుల షాపులో. ఇంకా అనుమానం ఎందుకొస్తుంది?

కానీ అది మందు కాదు, కూల్‌డ్రింకుకు దగ్గరి చుట్టం. ఆ సంగతి పెట్టె మీదే రాసి ఉంటుంది, వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో.

మన ఆహార చట్టం ప్రకారం ప్యాకెట్‌లో ఏవేం కలిపారో బరువును బట్టి వరుసలో రాయాలి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. మీ వంటింట్లో ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో మైదానో, బియ్యప్పిండో, జిగురో ముందుంటుంది, అసలు ఇంగువ వాటి వెనక నిలబడుతుంది. ఈ జ్యూస్ పెట్టెల్లోనూ అంతే. నీళ్ల తర్వాత రెండో పేరు చాలావాటిలో చక్కెరే. ఆ తర్వాత పండ్ల రసం గుజ్జు, ఆపైన ఐఎన్‌ఎస్ 330 లాంటి సంకలితాల నంబర్లు. 330 అంటే భయపడాల్సిందేమీ లేదు, నిమ్మ ఉప్పు. ఓఆర్‌ఎస్‌కి ప్రాణమైన లవణాలు ఆ వరుసలో ఎక్కడో కిందికి ఉంటాయి.

అసలు ఓఆర్‌ఎస్‌లో దాచడానికేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్. మొత్తం 20.5 గ్రాములు. ఇందులో గ్లూకోజ్ రుచి కోసం కాదు. పేగు గోడ గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునేటప్పుడు దానితోపాటు సోడియంనూ తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. అయితే తీపి హద్దు దాటిందా, కథ తిరగబడుతుంది. ఒంట్లోని నీరే పేగులోకి వస్తుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత ఫార్ములాలో గ్లూకోజ్‌నీ ఉప్పునీ ఇంకా తగ్గించింది. లెక్క వేస్తే 100 మిల్లీలీటర్లకు గ్లూకోజ్ గ్రామున్నర కూడా లేదు. ఈ పెట్టెల్లో కొన్నిటి పోషకాల పట్టికలో అదే కొలతకు చక్కెర ఎనిమిది గ్రాములు, ఇంకా పైన.

దీన్ని పట్టుకుని వదలకుండా కొట్లాడినావిడ హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. అధికారులకు రాశారు, తెలంగాణ హైకోర్టులో పిల్ వేశారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వద్దంది. జులైకల్లా మెత్తబడింది. కంపెనీ సొంత పేరులో భాగంగా ఓఆర్‌ఎస్ వాడుకోవచ్చు, కాకపోతే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అని రాయాలి అంది. ముందు ఓఆర్‌ఎస్ అని, ఆ పక్కనే కాదని! ఈ తెలివి ఎవరిదో గానీ, ఏడుస్తున్న పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చిన మనిషి ఆ వాక్యం చదువుతుందని ఎలా అనుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ సడలింపు రద్దయింది. ముందూ వెనకా ఏ అక్షరం తగిలించినా సరే, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ ఉండకూడదని తేల్చారు. ఆ డాక్టరమ్మ కన్నీళ్లు పెట్టుకుంటూ మాట్లాడిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

మా వ్యాపారం మాట కూడా ఒకటి చెప్పాలి. పొడి ప్యాకెట్ కంటే పెట్టె ధర ఎక్కువ, మిగులూ ఎక్కువే. అందుకే అది కౌంటర్ మీద చేతికందేలా ఉండేది, పొడి సొరుగులో ఉండేది.

పేరు పోయినా పెట్టెలు పోలేదు, కొత్త పేర్లతో వస్తాయి. గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉంటే అది ఆహారం. మందు మీద మందుల తయారీ లైసెన్స్ నంబరు, ఏ లవణం ఎన్ని గ్రాములో ఫార్ములా ఉంటాయి. మా షాపులోనే దొరికే పాలలో కలిపే పొడుల డబ్బాలూ మొదటి జాతివే. వాటిని 'హెల్త్ డ్రింక్' అంటుంటాం గానీ ఆహార చట్టంలో అలాంటి జాతే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలను ఆ వర్గంలోంచి వాటిని తీసేయమంది.

పొడి కొన్నవాళ్లకూ ఒక చిక్కుంది. ఆహారం లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు, తెలుగు కంపెనీ ఇష్టం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల మీద కూడా కలిపే పద్ధతి తెలుగులో కనపడటం అరుదు. దాంతో లీటరు ప్యాకెట్‌ను సగం చించి గ్లాసులో కలిపేస్తారు. అప్పుడు ఉప్పు ఎక్కువై అదో ప్రమాదం. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు, పెద్దవి లీటరుకు. అందుకే నేను ప్యాకెట్ మీద పెన్నుతో 'లీటరు' అని తెలుగులో రాసి, పెద్ద వాటర్ బాటిల్ చూపించి మరీ ఇస్తాను. కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి, కలిపింది 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. చప్పగా ఉందని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చెంచాడు పంచదార వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపమని కూడా చెబుతాను.