డాక్టరు కాబోయే అమ్మాయీ... నీ మాటల్లోనే రాయి!

"పిన్నీ, నువ్వు కథలు రాస్తావుగా... నా వ్యాసాన్ని కాస్త కథలా మార్చిపెట్టవూ?"

న్యూజెర్సీ నుంచి మా అక్క కూతురు ఫోను. అక్కడ మెడిసిన్‌లో చేరాలంటే సాధారణంగా ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష ఉండాలి. అవొక్కటే చాలవు. 'నేనెందుకు డాక్టర్ని కావాలనుకుంటున్నాను' అని వ్యాసమూ రాయాలి. చాలా కాలేజీలకి ఉమ్మడిగా పంపే దరఖాస్తులో దానికిచ్చే చోటు 5,300 అక్షరాలు, ఖాళీలతో కలిపి. నీట్ 720 మార్కుల లెక్కలు వేసుకునే మనకిది వింతే మరి!

పంపింది చదివాను. మొదటి వాక్యమే మానవసేవ, మాధవసేవ. ఆ తర్వాత చిన్నప్పటి స్టెతస్కోపు బొమ్మ, కన్నీళ్ళు, ఉపమానాలు. అందులో ఏ పిల్లయినా కనిపిస్తుంది, మా పిల్ల తప్ప.

నా చెయ్యీ ఊరుకోలేదు. వాన కురిసే సాయంత్రంతో ఓ ఆరంభం రాసేశాను. ఆ రోజు వాన పడిందో లేదో ఎవరికి తెలుసు? కొట్టేశాను. 'ఇది నా సొంత రాత' అని ధ్రువీకరించాల్సింది ఆ పిల్ల!

"వృద్ధాశ్రమానికి రెండేళ్ళు వెళ్ళావు కదే, ఆ సంగతి ఏదీ?" అన్నాను.

"చెప్పుకోదగ్గదేం లేదు పిన్నీ. ఓ పెద్దాయన భోజనం ముట్టేవారు కాదు. మొండితనం అనుకున్నారంతా. పక్కన కూర్చుంటే మెత్తటివి మాత్రం తింటున్నారని గమనించాను. కట్టుడుపళ్ళు వదులైపోయాయి. నర్సుకి చెప్పాను. అంతే."

"అదే రాయవే తల్లీ!"

ఏ శైలి మంచిది?

* ఒక్క సంఘటన, నాలుగైదు వాక్యాల్లో. మిగతా చోటు దాన్నుంచి మీకేం అర్థమైందో చెప్పడానికి.

* మార్కులు దరఖాస్తులో వేరేచోట ఉంటాయి. మళ్ళీ వద్దు.

* రోగి పేరు, ఆనవాళ్ళు రాయకూడదు.

* పెద్దవాళ్ళు తప్పులు దిద్దొచ్చు, సలహా చెప్పొచ్చు. వాక్యాలు మాత్రం పిల్లలవే కావాలి.

* పైకి చదవండి. ఎదుటి మనిషితో అనలేని మాట కాగితం మీదా వద్దు.

వ్యాసం వెళ్ళింది. "ఇంకాస్త గొప్పగా రాసివ్వలేకపోయావా?" అని అక్క నిష్ఠూరమాడింది.

రేపు ఇంటర్వ్యూలో ఆ వ్యాసం గురించి అడిగితే, జవాబు చెప్పాల్సింది నేను కాదుగా అక్కా!