మొరాయించిన మోటారుసైకిలు

పూర్వం దారిలో ఎద్దు మొరాయిస్తే తెలివైన రైతు బండి దిగి, కారణం వెతికేవాడు. గిట్టలో ముల్లు దిగిందా, కాడి ఒరుసుకుని మెడ పుండు పడిందా, దప్పిక అయిందా అని చూసేవాడు. తెలివితక్కువవాడు ములుకోలతో పొడిచేవాడు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఎద్దు స్థానంలో మోటారుసైకిలు ఉన్నది. అది కూడా అప్పుడప్పుడు మొరాయిస్తుంది. దాని దగ్గర కూడా మనుషులు రెండు రకాలుగానే ప్రవర్తిస్తారు: కొందరు కారణం వెతుకుతారు, కొందరు ఊరికే తన్నుతూ ఉంటారు!

కలకడ అనే ఊరు పీలేరుకూ రాయచోటికీ నడుమ ఉన్నది. చుట్టుపక్కల పల్లెల్లో టమోటా, వేరుశనగ పండిస్తారు. ఆ పల్లెల్లో రైతుకు మోటారుసైకిలు లేనిదే పొద్దు గడవదు. పాల క్యాను, పురుగుమందు డబ్బా, గడ్డిమోపు, బడికి వెళ్లే పిల్లలు, అన్నీ దాని మీదనే. అటువంటి పల్లెలో ఒక ఉదయం ఇలా జరిగిందని అనుకుందాం.

అది మార్చి నెల. రాత్రి అకాల వర్షం కురిసింది. తెల్లవారితే ఆ ఇంటి అమ్మాయికి పదో తరగతి పరీక్ష. తొమ్మిదిన్నరకు పరీక్ష మొదలవుతుంది. ఎనిమిది గంటలకు తండ్రి కొట్టంలో ఉన్న పాత మోటారుసైకిలు దగ్గరికి వెళ్లి కిక్కు కొట్టాడు. బండి ఉలకలేదు. చోకు లాగి మళ్లీ కొట్టాడు. పది సార్లు కొట్టాడు, ఇరవై సార్లు కొట్టాడు. చొక్కా తడిసిపోయిందేగాని యింజను మాత్రం పలకలేదు.

"పెట్రోలు అయిపోయిందేమో!" అంటూ ఆయన ట్యాంకు మూత తీశాడు. లోపల చీకటిగా ఉన్నది. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"నాయనా, వద్దు! అగ్గిపుల్ల గీయవద్దు!" అని అమ్మాయి గట్టిగా అరిచింది.

తండ్రి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కు తీశాడు.

పిల్లలూ, ఆ అరుపే ఆ ఉదయం జరిగిన అన్ని పనుల్లోకీ గొప్పది. ఎందుకంటే, నిజానికి మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని మీదినుంచి లేచే ఆవిరి. నీరు ఎండలో పెడితే మెల్లగా ఆవిరి అవుతుంది. పెట్రోలు అలా కాదు. మంచు గడ్డకట్టే చలికన్నా ఎంతో ఎక్కువ చలిలో, అంటే సున్నాకు 40 డిగ్రీలు కిందికి దిగినా, అంటుకోవడానికి చాలినంత ఆవిరి దాని మీద ఉంటుంది. ఆ ఆవిరి కంటికి కనిపించదు. గాలికన్నా బరువైనది గనక నేలమీద పాకుతుంది. ట్యాంకు మూతి దగ్గర అగ్గిపుల్ల గీయటమంటే మంటను చేతులారా పిలవటమే.

"పెట్రోలు ఉన్నదో లేదో చూడటానికి నిప్పెందుకు? బండిని ఊపి విను నాయనా," అన్నది అమ్మాయి. తండ్రి మూత బిగించి, బండిని అటూ ఇటూ ఊపాడు. లోపల గలగలమని చప్పుడైంది. పెట్రోలు ఉన్నది!

"మరి ఇంకేమి రోగం దీనికి?" అన్నాడు తండ్రి.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అవ్వ, "పొయ్యి వెలగకపోతే నేనైతే మూడు చూస్తాను. కట్టె ఉన్నదా, గాలి ఆడుతున్నదా, నిప్పు తగిలిందా అని. మీ బండి సంగతి నాకేం తెలుసు?" అన్నది.

అవ్వ తనకు తెలియదన్నదేగాని, మోటారుసైకిలు రహస్యమంతా ఆ మాటలోనే చెప్పేసింది! యింజను కూడా ఒక పొయ్యే. కాకపోతే అది ఇనుప గదిలో మూసిపెట్టిన పొయ్యి. దానికి కట్టె పెట్రోలు. గాలి బయటినుంచి వడపోత గుండా వస్తుంది. అగ్గిపుల్ల పని ప్లగ్గు చేస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా యింజను నడవదు.

యింజను లోపల ఏం జరుగుతుందో చూడండి. సిలిండరు అనే గొట్టంలో పిస్టను అనే ముద్ద పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను మొదటిసారి కిందికి దిగినప్పుడు గాలి, పెట్రోలు ఆవిరి కలిసి లోపలికి వస్తాయి. అది పైకి లేచినప్పుడు ఆ మిశ్రమం సుమారు పదోవంతు చోటులోకి అణగిపోతుంది. సరిగా ఆ సమయంలో ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం భగ్గున మండి పిస్టనును కిందికి తోస్తుంది. చక్రాన్ని తిప్పే బలం ఇదే. పిస్టను మళ్లీ పైకి లేచినప్పుడు పొగ సైలెన్సరు గుండా వెళ్లిపోతుంది. పీల్చు, నొక్కు, మండించు, వదులు! 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో అనే ఆయన ఈ నాలుగు అడుగుల పద్ధతిలో నడిచే యింజనును తయారు చేశాడు. ఈనాటికీ పెట్రోలు మోటారుసైకిళ్లు దాదాపు అన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

యింజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు చుట్లకు ఒక రవ్వ చొప్పున సెకనుకు 25 రవ్వలు పుట్టాలి. ప్లగ్గు కొనలో రెండు లోహపు మొనల మధ్య ఉండే సందు ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ. ఆ కొంచెం సందును దూకటానికి కూడా కరెంటుకు పది వేల వోల్టులకు మించిన ఒత్తిడి కావాలి. బండిలో కాయిలు అనే చుట్ట ఆ ఒత్తిడిని పుట్టిస్తుంది. గాలి సంగతి ఇంకా విచిత్రం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి! గాలి వడపోతలో దుమ్ము నిండితే బండి ఉక్కిరిబిక్కిరి కావటంలో ఆశ్చర్యం ఏమున్నది?

సరే, మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె సైలెన్సరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఘాటుగా పెట్రోలు వాసన కొట్టింది. ఆమె ఇలా ఆలోచించింది: "పెట్రోలు యింజనులోకి పోతున్నది, కాని మండటం లేదు. కట్టె కొరత లేదు. చోకు లాగి కిక్కు కొట్టినకొద్దీ ఇంకా ఎక్కువ పోయింది. పొయ్యిలో కట్టెలు కుక్కినట్టయింది. కనక తప్పు నిప్పు దగ్గర ఉండాలి."

ఇక్కడ చోకు సంగతి కొంచెం చెప్పాలి. చలిగా ఉన్న యింజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని చోకు గాలి దారిని కొంచెం మూసి, పెట్రోలు పాలు ఎక్కువ చేస్తుంది. యింజను అంటుకుంటే మంచిదే. అంటుకోకపోతే పెట్రోలు పోగుపడి ప్లగ్గు తడిసిపోతుంది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా వృథా.

అమ్మాయి పైకి చూసింది. కొట్టం పైకప్పులో రేకు పగిలి ఉన్నది. రాత్రి వాన చినుకులు సరిగా యింజను మీదనే పడ్డాయి! తండ్రి తాళం చెవి తిప్పి కరెంటు ఆపి, ప్లగ్గు మీది రబ్బరు టోపీ లాగాడు. లోపల నీటి చుక్కలు ఉన్నాయి. కరెంటు బద్ధకస్తురాలు. సులభమైన దారి దొరికితే కష్టమైన దారిన పోదు. తడి వెంట యింజను ఒంటిలోకి జారిపోతున్నది గనక అది ప్లగ్గు సందును దూకటం లేదు.

తండ్రి బండిని కొట్టంలోంచి ఆరుబయటికి తోశాడు. ట్యాంకు కింద ఉన్న పెట్రోలు ట్యాపు కట్టేశాడు. ప్లగ్గు విప్పితే అది కూడా తడిగా, నల్లగా మసిపట్టి ఉన్నది. దాన్ని పొడిగుడ్డతో తుడిచి, మసి గీకి పక్కన పెట్టాడు. తాళం ఆపే ఉంచి, చోకు మూసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఏడెనిమిది కిక్కులు కొట్టాడు. లోపల పోగుపడ్డ పెట్రోలు ఆవిరి గాలితోపాటు బయటికి పోయింది. కాసేపు ఆగి, టోపీని లోపలా బయటా తుడిచి ఆరబెట్టి, ప్లగ్గు బిగించి, ట్యాపు తెరిచి, తాళం తిప్పాడు. మొదటి కిక్కుకు "తప్" మన్నది. రెండో కిక్కుకు బండి పలికింది! గడియారం ఎనిమిదీ నలభై చూపించింది. దారిలో తండ్రి, "అమ్మీ, ఇరవై కిక్కులు కొట్టేముందు ఒక్కసారి వాసన చూసి ఉంటే నీకు ఇంత ఆత్రం ఉండేది కాదు," అన్నాడు. పరీక్ష సమయానికి వాళ్లు కలకడ చేరారు.

మోటారుసైకిలు చరిత్రలో మొదటి పాఠం కూడా నిప్పు గురించే నేర్చుకున్నారు. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇద్దరు కొయ్య చట్రంలో పెట్రోలు యింజను అమర్చి మోటారుసైకిలు తయారు చేశారు. దానికి నేటి ప్లగ్గు లేదు. ఎర్రగా కాలిన ఒక గొట్టం మిశ్రమాన్ని అంటించేది. ఆ గొట్టం సీటు కిందనే ఉండేది! డైమ్లరు కొడుకు పాల్ దాన్ని నడుపుతూ ఉండగా సీటు అంటుకున్నదట. తరవాత 1902లో, రాబర్ట్ బాష్ కార్ఖానాలో పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ అనే యింజనీరు ఎక్కువ ఒత్తిడి కరెంటుతో రవ్వ పుట్టించే పరికరాన్ని, దానికి తగిన ప్లగ్గును తయారు చేశాడు. కాలే గొట్టాల రోజులు అంతటితో ముగిసిపోయాయి.

మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి బుల్లెట్టు బండ్లు తయారు చేసింది. పాత బుల్లెట్టును కదిలించడం ఒక విద్య. మీటరులోని ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కి, ఒక చిన్న మీట పట్టి లోపలి ఒత్తిడిని వదిలి, అప్పుడు కాలు ఎత్తి కొట్టాలి. తొందరపడితే కిక్కు వెనక్కు తిరిగి కాలిపిక్కను కొట్టేది! మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీ బండ్లకు ఇంకో వింత ఉండేది. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు మళ్లిస్తే గేరు మీట అయ్యేది.

ఈ మధ్య బండ్లు మారిపోయాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ నిబంధనలు కఠినమయ్యాయి. అప్పటినుంచి కొత్త బండ్లలో చాలామటుకు కార్బొరేటరు పోయి, కొలత ప్రకారం పెట్రోలు చిమ్మే పరికరం వచ్చింది. వాటికి చోకు ఉండదు. తాళం తిప్పగానే ట్యాంకులోంచి "జుయ్" మని సన్నని శబ్దం వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు చప్పుడు. అది వినిపించకపోతే బ్యాటరీ, ఫ్యూజు చూడవలసిందే. స్టార్టరు నొక్కినప్పుడు "కట కట" మని చప్పుడై దీపాలు మసకబారితే బ్యాటరీ నీరసించిందన్నమాట. పాత బండిని రెండో గేరులో పెట్టి తోస్తే అంటుకునేది. కొత్త బండిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పంపు తిరగదు గనక తోసినా లాభం లేకపోవచ్చు. బ్యాటరీలు మనకు దూరపు వస్తువులు కావు. 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ కార్ఖానా తిరుపతి దగ్గర కరకంబాడిలో ఉన్నది.

నేటి పెట్రోలు కూడా మారింది. 2023 నుంచి నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఎథనాలు చెరకు, ధాన్యాల నుంచి తీసే సారాయి వంటిది. అది నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి వాన నీరు ఎక్కువగా దిగితే, ఆ నీరూ ఎథనాలూ కలిసి అడుగుకు చేరతాయి. యింజనుకు పెట్రోలు పోయే దారి కూడా అడుగుననే ఉంటుంది! అందుచేత ట్యాంకు మూత రబ్బరు చిట్లితే వెంటనే మార్పించాలి.

ఇక మీ ఇంట్లో బండి మొరాయిస్తే, ముందు సులభమైనవి చూడండి. హ్యాండిలు మీది ఎర్ర స్విచ్చిని ఎవరైనా ఆపి ఉంచారా? చిన్నపిల్లలకు దానితో ఆట! బండి న్యూట్రలులో ఉన్నదా, పచ్చదీపం వెలుగుతున్నదా? కొత్త బండ్లలో పక్క స్టాండు తీయకపోతే యింజను పలకకపోవచ్చు. పెట్రోలు ఉన్నదా, ట్యాపు తెరిచి ఉన్నదా? ఆ తరవాత ప్లగ్గు, గాలి వడపోత. ఒక్కొక్కటే చూడాలి. ఒకేసారి నాలుగు విప్పితే, బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

కొన్ని పనులు మాత్రం పిల్లలు చేయరాదు. ప్లగ్గు విప్పడం, బిగించడం పెద్దల పని. తాళం వేసి ఉండగా ప్లగ్గు తీగను చేత్తో పట్టుకుంటే షాకు కొడుతుంది. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగటం పెద్దలు కూడా చేయరాదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఇవన్నీ చూసినా బండి పలకకపోతే మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి. అప్పుడు కూడా, "ఇవి ఇవి చూశాం, పెట్రోలు వాసన వస్తున్నది, రవ్వ రావటం లేదేమో" అని చెప్పగలిగితే మెకానిక్కుకు సగం పని తప్పుతుంది.

మరొక్క మాట. ఆ రోజు సాయంత్రం ఆ తండ్రి కొట్టం పైన పగిలిన రేకు మార్చాడు. ప్లగ్గు తుడిస్తే బండి ఆ పూటకు నడుస్తుంది. రేకు మారిస్తేనే మళ్లీ తడవకుండా ఉంటుంది.