నల్లరేగడిలో పికప్ బండి: ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఎంతవరకు ఆదుకుంటుంది?



"అన్నా, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న ఫోర్ బై ఫోర్ పికప్ తీసుకుంటే వానకాలంలో గూడా చేన్లకు పోవచ్చా?" వానలు మొదలైనప్పటి నుంచి ఇదే మాట చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లంతా మనలాంటివాళ్లే. ఘన జీవామృతం బస్తాలు, ద్రవ జీవామృతం డ్రమ్ములు చేను దాకా చేర్చాలి. తెల్లారకముందే కూరగాయలు మార్కెట్‌లో దించాలి. మామూలు పికప్ చాలా, లేక లక్షలకు లక్షలు ఎక్కువ పెట్టి ఫోర్ బై ఫోర్ తీసుకోవాలా అన్నది వాళ్ల ముందున్న లెక్క. వీడియోలో బండి నడిపి చూపించాను గానీ, లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది తాండూరు వైపు. కంది చేన్లన్నీ నల్లరేగడి, ఊరికి ఎగువన ఎర్ర మొరం చెల్కలు. నలుగురు రైతులం కలిసి ఒక పాత ఫోర్ బై ఫోర్ పికప్ వాడుకుంటున్నాం. దానికి ట్రాక్షన్ కంట్రోల్, హిల్ డిసెంట్, వెనక డిఫ్ లాక్ మూడూ ఉన్నాయి. రెండు వానకాలాలు రెండు రకాల నేలల మీద తిప్పినంక నాకు అర్థమైంది ఒక్కటే. ఈ ఎలక్ట్రానిక్స్ బాట మీద బాగా ఆదుకుంటాయి. తడి చేన్లోకి దిగడానికి మాత్రం వాటిని నమ్ముకోవద్దు.

కాడితో పోల్చుకుంటే తొందరగా అర్థమైతది

కాడికి అటొక ఎద్దు, ఇటొక ఎద్దు. నడుమ మోకు. ఒక ఎద్దు మెత్తబడి లాగకపోతే ఏమైతది? రెండో ఎద్దు ఎంత బలమున్నదైనా కాడి పక్కకు తిరుగుతుంది గానీ నాగలి ముందుకు రాదు. బండి ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ కూడా ఇట్లాంటిదే. రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే దానికి పట్టే బలం చాలా తక్కువ కాబట్టి, గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా అంతే అందుతుంది. అందుకే ఒకటి గిర్రున తిరుగుతుంటే రెండోది కదలకుండా నిలబడుతుంది.

డిఫరెన్షియల్ లేకుండా చేద్దామంటే కుదరదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి గదా.

దీనికి పాత మందు డిఫ్ లాక్. ట్రాక్టర్‌లో కాలి దగ్గర ఉండే ఆ చిన్న పెడల్ మనందరికీ తెలుసు. తొక్కితే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి. అంటే కాడి పక్కకు తిరగకుండా కట్టేసినట్టు.

ట్రాక్షన్ కంట్రోల్ దారి వేరు. ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గర వేగం చూసే సెన్సర్ ఉంటుంది. ఏ చక్రమైనా మిగతావాటికంటే జోరుగా తిరిగితే అది జారుతోందని కంప్యూటర్ గుర్తుపట్టి, ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. మెత్తబడ్డ ఎద్దు వైపు కాడిని మనిషి చేత్తో ఆపి పట్టుకున్నట్టన్న మాట. అటు ఆనిక దొరకగానే ఇటు బలం పడుతుంది, బండి కదులుతుంది. దీంతోపాటు చాలా బండ్లలో అది ఇంజన్ బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఈ రెండో పనే బురదలో మనకు చిక్కు తెస్తుంది.

బటన్ ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు తీయాలి

తడిసిన తారు రోడ్డు, మొరం బాట, ఒక పక్క గట్టి ఒక పక్క బురద ఉన్న చోటు: ఇక్కడ ఆన్‌లోనే ఉండాలి. బండి అడ్డం తిరగకుండా కాపాడేది అదే.

లోతైన మెత్తటి బురదలో గానీ, వాగు ఇసుకలో గానీ బండి ఆగకుండా ఒకే ఊపులో పోవాలి. అక్కడ చక్రం కొంచెం జారుతూనే తిరగాలి. అప్పుడే టైరు గాళ్లలో ఇరుక్కున్న మట్టి ఎగిరిపోతుంది. ఆ టైంలో కంప్యూటర్ ఇంజన్ గొంతు పిసికితే ఊపు చచ్చి బండి అక్కడే కూర్చుంటుంది. కంపెనీలు ఆఫ్ బటన్ ఇచ్చింది ఇట్లాంటి సందర్భాల కోసమే. చాలా బండ్లలో ఫోర్ లో గేరు వేయగానే ఇంజన్ తగ్గించే పని దానంతటదే ఆగి, చక్రానికి బ్రేకు వేసే పని మాత్రం మిగులుతుంది. మీ బండిలో ఎట్లుందో మాన్యువల్‌లో ఉంటుంది. బురదలో దిగబడ్డంక చూసుకోవడం కాదు, ఇంట్లో కూర్చొని ఒకసారి చదవండి.

ఇంకో మాట. చక్రం కొంచెం జారితే తప్ప ట్రాక్షన్ కంట్రోల్ పనిలోకి దిగదు. కొత్తవాళ్లు చక్రం తిరగ్గానే భయపడి కాలు తీసేస్తారు. యాక్సిలరేటర్ మీద కాలు స్థిరంగా, ఒకే తీరుగ ఉంచాలి. టకటకమని చప్పుడు వస్తుంది, పెడల్ కొంచెం అదురుతుంది. అది దాని పని అది చేస్తున్న చప్పుడే, కంగారొద్దు. కానీ అదే పనిగా నిమిషాల తరబడి తొక్కితే బ్రేకులు వేడెక్కి సిస్టం తనంతట తనే ఆగిపోవచ్చు. అప్పుడు కాసేపు చల్లారనివ్వడమే.

డిఫ్ లాక్ అయితే జారకముందే వేయాలి. నేరుగా, నెమ్మదిగా పోయేటప్పుడు మాత్రమే. గట్టి నేల మీద మలుపు తిప్పేముందు తీసేయాలి, లేకపోతే బండి తిరగనని మొరాయిస్తుంది. లివరు లేదా నాబ్‌తో వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్‌ను కూడా ఎండిన తారు రోడ్డు మీద వాడొద్దు. ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపులో ఒకే దూరం తిరగవు. ఆ తేడా జారిపోయే వీలు తారు మీద ఉండదు, ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

మా బాటల మీద చూసినవి

మొదటిది, చెల్కలోకి పోయే బాటకు అడ్డంగా వాన నీళ్లు కోసిన కాలువ. దాన్ని ఏటవాలుగా దాటేటప్పుడు ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ బాగా పనికొచ్చింది ఇక్కడే. రెండు క్షణాలు గర్రుమని, నేల మీదున్న చక్రానికి బలం అంది బండి ఎక్కేసింది.

రెండోది, వాగులోకి దిగే దిగుడు. వెనక నాలుగు డ్రమ్ముల జీవామృతం. ఒక్కో డ్రమ్ము 200 లీటర్లు, అంటే నాలుగూ కలిపి 800 కిలోలకు పైమాటే. డ్రమ్ములు వెలితిగా ఉంటే లోపలి నీళ్లు ముందుకు ఊగి బండిని నెడతాయి. హిల్ డిసెంట్ వేస్తే కంప్యూటరే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసుకుంటూ నడక వేగంతో దించుతుంది. మన చూపంతా స్టీరింగ్ మీదే పెట్టొచ్చు. అయినా చిన్న గేరులోనే దించాలి, క్లచ్ తొక్కకూడదు. డ్రమ్ములు నిండుగా నింపి, గట్టిగా కట్టి, వెనక ఇరుసుకు కొంచెం ముందు వరకు జరిపి పెట్టాలి.

మూడోది, రెండు రోజుల వాన పడ్డ నల్లరేగడి. ఇక్కడ కథ మారుతుంది. పది గజాలు పోయేసరికి నాలుగు టైర్లకూ మట్టి పట్టి నున్నటి ఉండల్లా తయారైనయ్. జారే చక్రం నుంచి జారని చక్రానికి బలం పంపడమే ట్రాక్షన్ కంట్రోల్ చేసే పని. నాలుగూ జారుతుంటే ఎవరికి పంపాలి? లేని పట్టును ఏ కంప్యూటరూ పుట్టించలేదు. బండి కడుపు బాట నడిమి దిబ్బకు ఆనితే అయితే ఇక చెప్పేదే లేదు, చక్రాలు ఊరికే తిరుగుతాయి.

బండి బయటపడ్డా నేల బయటపడదు

మన బ్లాగులో ఈ బండి ముచ్చట ఎందుకంటే అసలు విషయం ఇక్కడుంది. మనం జీవామృతం ఎందుకు పోస్తున్నాం, ఆచ్ఛాదన ఎందుకు వేస్తున్నాం? నేలలో గాలి, తేమ రెండూ ఉండాలని. వాఫస అని మనం చెప్పుకునేది అదే. నల్లరేగడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఆ టైంలో బరువు పడితే మట్టి రేణువుల నడుమ సందులు మూసుకుపోతాయి. పైగా చక్రం జారినప్పుడు మట్టిని గోడకు మెత్తినట్టు పులిమేస్తుంది. వానపాములు చేసిన దారులు, వేర్లు వదిలిన రంధ్రాలు మూతపడతాయి. నీళ్లు కిందికి ఇంకవు, వేర్లు దిగవు. ఎండాకాలంలో ఆ గాడి పొడవునా గట్టి పెళ్లలు లేస్తాయి.

ఒక విధంగా ట్రాక్షన్ కంట్రోల్ నేలకు కూడా మంచిదే, ఎందుకంటే చక్రం తక్కువ జారితే పులుముడు తక్కువ. కానీ బండి బరువు ఎక్కడికీ పోదు. పైగా బటన్ ఉందన్న ధైర్యంతో మనం ఇదివరకు దిగని రోజున దిగుతాం. మొదటిసారి చక్రం పోయినప్పుడే ఎక్కువ అణుగుతుంది. ఒక్కసారే గదా అనుకోవద్దు, నష్టంలో పెద్ద వాటా ఆ ఒక్కసారిదే.

దిగొచ్చా లేదా అన్నది తేల్చుకోవడానికి సెన్సర్ అక్కర్లేదు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీయండి. అరచేతుల నడుమ సన్నటి తాడులా పేనండి. అగ్గిపుల్ల అంత సన్నగా, సుమారు 3 మిల్లీమీటర్లకు, తెగకుండా వస్తే నేల ఇంకా తడిగా ఉన్నట్టు. బండి గట్టు మీదే ఉండాలి. పేనుతుంటే పొడిపొడిగా విరిగిపోతే పోవచ్చు.

మేము చేన్ల అంచున ఒకే బండ్లబాట పెట్టుకుని మొరం పోసుకున్నాం. బండి ఎప్పుడూ అదే గాడిలో నడుస్తుంది. డ్రమ్ము బండి మీదే ఉంచి, పైపుతో కిందికి నీళ్ల కాలువలోకి వదులుతాం. కంది చేనుకైతే బాట మీద నుంచే వడపోసి చేతిపంపుల్లో నింపుకుంటాం. నాలుగు అడుగులు ఎక్కువ నడవాల్సి వస్తుంది, నేల మాత్రం బతుకుతుంది.

కొనాలనుకునేవాళ్లకు

మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పై రకాల్లో, 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్‌లో ఈ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. ఇవి ఇరవై లక్షలు దాటే బండ్లు. అంతకంటే చాలా తక్కువలో బొలెరో క్యాంపర్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ రకం ఉంది. నన్నడిగితే డబ్బు ఈ వరసలో పెట్టండి:

1. చేను దాకా మొరం బాట. నలుగురు కలిస్తే భారం పంచుకోవచ్చు.
2. మంచి గాళ్లున్న టైర్లు. రోడ్డు టైర్లతో ఏ బటనూ పని చేయదు.
3. గాలి కొట్టే చిన్న పంపు, గాలి చూసే గేజ్. ఖాళీ బండి మెత్తటి చోట ఇరుక్కుంటే గాలి కొంత తగ్గించి నెమ్మదిగా బయటికి తీయొచ్చు. రోడ్డెక్కేముందు తిరిగి నింపాలి. బరువుతో ఉన్నప్పుడు తగ్గించొద్దు.
4. ఫోర్ వీల్ డ్రైవ్, లో గేరు, వెనక డిఫ్ లాక్.
5. ఆ తర్వాత ట్రాక్షన్ కంట్రోల్, హిల్ డిసెంట్.

ఎర్ర చెల్కలు, గుట్టలు, వాగు దిగుళ్లు ఉన్న ఊళ్లలో ఐదోది కూడా పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. రోజూ డ్రైవర్లు మారే బండికి మరీ మంచిది, అలవాటు లేని చేతిని అది కాస్త కాపాడుతుంది. మొత్తం నల్లరేగడే ఉన్న ఊరిలో మాత్రం ఆ డబ్బులో కొంత బాటకు పెడితే ఎక్కువ ఏళ్లు ఉపయోగం.

మీ ఊరి నేల ఏదో, బండి ఏదో, వానకాలంలో చేను దాకా ఎట్లా చేరుతున్నారో కింద రాయండి. మట్టి పేని చూసే పద్ధతి వీడియో చివరలో ఉంది. ఈ వానకు మీ చేన్లో ఒకసారి చేసి చూడండి.