మేనేజ్డ్ హోస్టింగ్: నిర్వహణ వారిది, మరి బాధ్యత ఎవరిది?

2021 మార్చి 10న, ఇంకా తెల్లవారకముందే, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థకు చెందిన డేటా కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించింది. ఐదంతస్తుల భవనం పూర్తిగా దగ్ధమైంది. ఎవరూ గాయపడలేదు. కానీ సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు నిలిచిపోయాయని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా వేసింది. సమాచారం నకలును వేరొక చోట భద్రపరచుకున్నవారు కోలుకున్నారు. ‘రస్ట్’ అనే ఆన్‌లైన్ ఆటకు చెందిన 25 సర్వర్లలోని సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

వెబ్‌సైట్ బాధ్యతను మరొకరికి అప్పగించి నిశ్చింతగా ఉండవచ్చునని భావించే ప్రతి సంస్థా గుర్తుంచుకోవలసిన ఘటన ఇది. మన దేశంలోనూ చిన్న వ్యాపారాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు ‘మేనేజ్డ్ హోస్టింగ్’ పథకాలను ఎంచుకుంటున్నాయి. ఈ పథకాలలో ఏముంటుంది? ఏముండదు?

సేవలో భాగమయ్యేవి

వెబ్‌సైట్‌లోని పుటలు, చిత్రాలు, వివరాలు ఒక సర్వర్‌లో నిల్వ ఉంటాయి. ఆ సర్వర్‌ను అద్దెకిచ్చే సేవే హోస్టింగ్. సాధారణ పద్ధతిలో సర్వర్ తీసుకున్నవారే సాఫ్ట్‌వేర్‌ను నవీకరించుకోవాలి, భద్రతా లోపాలను సరిచేసుకోవాలి. మేనేజ్డ్ పథకంలో ఆ పనులను సేవాసంస్థ చేస్తుంది. ప్రతిరోజూ బ్యాకప్ తీయడం, హానికర సాఫ్ట్‌వేర్ కోసం తనిఖీ చేయడం, పుటలు వేగంగా తెరుచుకునేలా చూడడం, సాంకేతిక సహాయం అందించడం సాధారణంగా ఇందులో భాగం.

దీనిని అపార్ట్‌మెంట్ నిర్వహణతో పోల్చవచ్చు. లిఫ్టు, నీటి మోటారు, కాపలా సంఘం చూసుకుంటుంది. మీ ఇంటి తలుపుకు తాళం వేసుకోవలసింది మాత్రం మీరే. బలహీనమైన పాస్‌వర్డ్, చాలాకాలంగా నవీకరించని ప్లగిన్, అనధికారికంగా సంపాదించిన థీమ్ ద్వారా చొరబాటు జరిగితే, అది తమ పరిధిలోకి రాదని ఒప్పందంలో రాసుకునే సంస్థలు ఉన్నాయి.

పరిమితులు ఎక్కడ?

మొదటిది, సందర్శనల లెక్క. అనేక పథకాలు నెలకు ఇన్ని సందర్శనలని హద్దు విధిస్తాయి. నెలకు 25,000 సందర్శనల పథకం తీసుకున్న కళాశాల తన వెబ్‌సైట్‌లో పరీక్షా ఫలితాలు ప్రకటిస్తే, ఆ హద్దు ఒక్క రోజులోనే దాటిపోవచ్చు. అప్పుడు అదనపు రుసుము వేస్తారా, వేగం తగ్గిస్తారా, సేవను నిలిపివేస్తారా అన్నది ముందే తెలుసుకోవాలి. ‘అపరిమితం’ అన్న ప్రకటన వెనుక కూడా ఫైళ్ల సంఖ్య మీదో, ప్రాసెసర్ వాడకం మీదో పరిమితి ఉండవచ్చు.

రెండవది, ‘99.9 శాతం లభ్యత’ అన్న హామీ. మిగిలిన 0.1 శాతం అంటే 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు, ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు. అంతకు మించి సేవ ఆగినా, ఎక్కువ సందర్భాలలో లభించేది రుసుములో కొంత తగ్గింపు మాత్రమే. మీ వ్యాపార నష్టానికి పరిహారం కాదు.

మూడవది, స్వేచ్ఛ. సర్వర్‌పై పూర్తి అధికారం సాధారణంగా వినియోగదారునికి ఉండదు. కొన్ని ప్లగిన్లను నిషేధిస్తారు. ఈమెయిల్ సేవ కొన్ని పథకాలలో అసలు ఉండదు. తొలి ఏడాది రాయితీ ముగిశాక పునరుద్ధరణ రుసుము గణనీయంగా పెరగవచ్చు.

మధ్యవర్తుల వివాదం

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. వర్డ్‌ప్రెస్ మేనేజ్డ్ హోస్టింగ్‌లో పేరొందిన డబ్ల్యూపీ ఇంజిన్ సంస్థకూ, వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ముల్లెన్‌వెగ్‌కూ మధ్య 2024లో వివాదం చెలరేగింది. ఆ సెప్టెంబరు 25న డబ్ల్యూపీ ఇంజిన్ సర్వర్లకు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ప్రవేశం నిలిపివేసింది. దానితో ఆ సంస్థ వినియోగదారులు ప్లగిన్లను యథావిధిగా నవీకరించుకోలేకపోయారు. డబ్ల్యూపీ ఇంజిన్ ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసుకుంది. ప్రవేశాన్ని పునరుద్ధరించాలని అమెరికా న్యాయస్థానం డిసెంబరులో మధ్యంతర ఆదేశమిచ్చింది. ఇందులో వినియోగదారుల తప్పేమీ లేదు. వారు నమ్ముకున్న సేవ మరొకరి సేవపై ఆధారపడి ఉంది, అంతే.

ఒప్పందానికి ముందు అడగవలసినవి

బ్యాకప్ ఎన్ని రోజులు ఉంచుతారు? అది సర్వర్ ఉన్న భవనంలోనే ఉంటుందా, వేరొక నగరంలోనా? దానిని మనం దించుకోవచ్చా? ఏ సమాధానం వచ్చినా, నెలకొకసారైనా ఒక నకలును సొంతంగా దాచుకోవడం, దానితో వెబ్‌సైట్‌ను తిరిగి నిలబెట్టగలమో లేదో పరీక్షించడం అవసరం.

డొమైన్ ఎవరి పేరున నమోదైంది? వెబ్‌సైట్ తయారుచేసిన వ్యక్తి పేరున ఉంటే, సేవాసంస్థను మార్చేటప్పుడు చిక్కులు తప్పవు. ‘డాట్ ఇన్’ డొమైన్ల నిర్వహణ నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా పరిధిలో ఉంది. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్లు కూడా ఉన్నాయి. ఏది తీసుకున్నా నమోదు సంస్థ పేరునే ఉండాలి.

చొరబాటు జరిగితే సమాచారం ఎవరిస్తారు? సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఈ నిబంధన సేవాసంస్థలకూ, డేటా కేంద్రాలకూ, ఇతర సంస్థలకూ వర్తిస్తుంది. కనుక ఆ సమయంలో ఎవరు ఎవరికి ఫోను చేయాలో ముందే రాసి ఉంచుకోవాలి.

సాంకేతిక సిబ్బంది లేని సంస్థకు మేనేజ్డ్ హోస్టింగ్ నిజంగా ఉపయుక్తమే. నెలనెలా చెల్లించే రుసుముతో శ్రమ తగ్గుతుంది. అయితే ఏళ్ల తరబడి కూడబెట్టిన సమాచారం పోతే, నష్టపోయేది దాని యజమానే.