కార్బ్యురేటర్ బైక్‌తో లద్దాఖ్ వెళ్తున్నారా? ఎయిర్ ఫిల్టర్ పీకే ముందు ఇది చదవండి

మా బాబాయ్ కొడుకు దగ్గర పాత క్లాసిక్ 350 ఉంది, కార్బ్యురేటర్ మోడల్. వచ్చే జూలైలో పెనుబల్లి నుంచి లేహ్ వెళ్లాలని వాడి ప్లాన్. సర్వీసింగ్‌కి ఇస్తే ఒక మెకానిక్ అన్న ఇచ్చిన సలహా: "ఫిల్టర్ పీకేయ్ తమ్ముడూ, కొండ మీద గాలి బాగా ఆడుద్ది." వాడు నిజంగానే పీకేసేలా ఉన్నాడు. అందుకే ఈ ఆర్టికల్.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. ఇంజిన్ పీల్చే గాలి ఘనపరిమాణం మారదు, బరువు తగ్గుతుంది. మరి పెట్రోల్ కూడా 30 శాతం తగ్గాలి కదా? తగ్గదు. జెట్‌లోంచి వచ్చే పెట్రోల్ గాలి సాంద్రతకి వర్గమూలం లెక్కన మారుతుంది, అంటే 16 శాతమే తగ్గుతుంది. దాంతో మిక్చర్ 20 శాతం దాకా రిచ్ అవుతుంది. నల్ల పొగ, మసి పట్టిన ప్లగ్, తగ్గిపోయిన మైలేజ్, ఐడిల్‌లో ఆగిపోవడం, అన్నీ అందుకే. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే జెట్ సైజు హార్డ్‌కోడ్ చేసిన విలువ. ఎఫ్ఐ బైక్ అయితే సెన్సర్లతో గాలి పీడనం చదువుకుని పెట్రోల్ తగ్గించుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక మన బైకులు దాదాపు అన్నీ ఎఫ్ఐకే మారాయి కాబట్టి ఈ గొడవ పాత బండ్లదే.

ఇంకో విషయం. ఎన్ని జెట్లు మార్చినా ఆ పోయిన 30 శాతం పవర్ తిరిగి రాదు. ట్యూనింగ్ వల్ల బండి నీట్‌గా నడుస్తుంది, అంతే.

లంబసింగికి ఇవేమైనా అవసరమా? అక్కర్లేదు. ఇక్కడ ఒక సరదా లెక్క ఉంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో పెనుబల్లి గాలి ఘనమీటరుకి సుమారు 1.1 కిలోలు. వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో డిసెంబర్ తెల్లవారుజామున, 5 డిగ్రీల చలిలో, సుమారు 1.13 కిలోలు. అంటే మన ఎండాకాలం గాలే ఇంకా పలచన! పోయినేడు అక్కడ మా బండి పొద్దున్నే స్టార్ట్ కాకపోతే అందరూ "ఎత్తు వల్లే" అన్నారు. చోక్ లాగితే స్టార్ట్ అయింది. అది చలి మహిమ.

లేహ్‌కి మాత్రం మెయిన్ జెట్ మార్చాలి. జెట్ నంబర్ రంధ్రం వ్యాసాన్ని చెప్పే రకమైతే (100 అంటే 1 మిల్లీమీటర్) 100 స్థానంలో 92 దగ్గరకి రావాలి. క్లాసిక్‌లో ఉండేది సీవీ కార్బ్యురేటర్, అది కొంతవరకు తనే సర్దుకుంటుంది. కాబట్టి ముందు ఒక సైజు తగ్గించి, కాస్త నడిపి, ప్లగ్ తీసి చూడండి. బిస్కెట్ రంగుంటే ఓకే, నల్లగా ఉంటే ఇంకో సైజు తగ్గించొచ్చు, తెల్లగా ఉంటే వెంటనే వెనక్కి రండి.

ఐడిల్‌కి మిక్చర్ స్క్రూ ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, వదులు చేస్తే లీన్ అవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ది, బిగిస్తే లీన్. బండి వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పండి.

ఇక ఫిల్టర్ సంగతి. అది తీసేస్తే బయట గాలి చిక్కబడదు కదా! అడ్డు తగ్గి కార్బ్యురేటర్ మీద లాగుడు తగ్గుతుంది, దాంతో కొంచెం లీన్ అవుతుంది. అందుకే "బాగుంది" అనిపిస్తుంది. కానీ లద్దాఖ్ దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోయి బోర్ గీసేస్తుంది. ఎయిర్‌బాక్స్ మూతకి రంధ్రాలు పెట్టడం ఇంకా తప్పు, కిందికొచ్చాక వాటిని పూడ్చలేం. కొత్త పేపర్ ఫిల్టర్ వేసుకుంటే చాలు. సత్తుపల్లి రోడ్డు మీద బొగ్గు లారీల వెనక తిరిగే మన బండ్ల ఫిల్టర్లు ఎలాగూ నల్లబడే ఉంటాయి.

ఎప్పుడు మార్చాలో మీ ఫోనే చెప్తుంది. బారోమీటర్ సెన్సర్ ఉన్న ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసి పీడనం చూడండి. పెనుబల్లిలో 1000 హెక్టోపాస్కల్స్ దగ్గర, లంబసింగిలో 900, లేహ్‌లో 660, ఖర్దుంగ్ లా మీద 530కి అటూ ఇటూ చూపిస్తుంది. సెన్సర్ లేకపోతే జీపీఎస్ ఎత్తు చూసుకున్నా సరిపోతుంది. మనాలి, శ్రీనగర్ దగ్గర తొందరపడొద్దు. మనాలి దారిలో కేలాంగ్, శ్రీనగర్ దారిలో కార్గిల్ జెట్ మార్చడానికి సరైన చోట్లు.

తిరిగొచ్చేటప్పుడు అదే చోట పాత జెట్ బిగించాలి. మర్చిపోతే కింద మిక్చర్ లీన్ అయి, ఇంజిన్ వేడెక్కి, పిస్టన్‌కే ఎసరు. మా తమ్ముడికి పాత జెట్‌ని చిన్న కవర్లో పెట్టి బండి తాళాలకే కట్టుకోమన్నా. జెట్ ఇత్తడిది, బలంగా బిగిస్తే మరలు పోతాయి. పెట్రోల్ ట్యాప్ ఆపి, ఫ్లోట్ బౌల్ ఖాళీ చేశాకే విప్పండి.