బ్యాటరీ కంపెనీలో వుద్యోగం

టార్చి బ్యాటరీకి ఎండ వైద్యం చెయ్యని గృహస్థు ఒకప్పుడు మా కావలిలో వుండేవాడు కాడు. పగలంతా పిట్టగోడ మీద ఎండబెడితే మరి రెండు రాత్రులు వెలిగేది. ఆ బ్యాటరీ కూడా పరాయిదేం కాదు. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ, జపాను మత్సుషిటా వారి సాంకేతిక సహాయంతో మన నెల్లూరు సీమలోనే ‘నిప్పో’ తయారుచేసింది. తరువాత సెల్‌ఫోను వచ్చింది. దీపం అందులోనే వుంది. టార్చి అటకెక్కింది. ఒక వస్తువు అటకెక్కితే ఎవరింట పొయ్యి ఆరుతుందో వాడుకునే మనం ఆలోచించం.

కారు బ్యాటరీల సంగతి వేరు. గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిలో వేలమందికి పని చూపింది. సీసపు కాలుష్యం కారణం చూపి, ఆ సంస్థ కర్మాగారాలను మూసివేయమని 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి వుత్తర్వు చేసింది. మే నెలలో హైకోర్టు దాని అమలు ఆపింది. రాజకీయమని కొందరన్నారు, రక్షణ అని కొందరన్నారు. నాకు రెండు భయాలూ నిజమైనవే అనిపిస్తాయి. జీతం ఆగుతుందన్నదీ భయమే. ఏ సీసపు కర్మాగారంలోనైనా ఆ ధూళి నాన్న చొక్కాతో ఇంటికి వచ్చి పసిపిల్లల బుద్ధిని మందగింపజేస్తుందేమోనన్నదీ భయమే.

ఇప్పుడు లిథియం వంతు. 2022 డిసెంబరులో అదే సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర పదేళ్ళలో 9,500 కోట్లు పెడతామని తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. ప్రత్యక్షంగా 4,500 వుద్యోగాలన్నారు. భాగించి చూడండి: ఒక్కొక్క వుద్యోగానికి రెండు కోట్ల పైచిలుకు! తెలుగు మేష్టరుకి లెక్కలెందుకంటారేమో గాని, యంత్రం ఎంత చోటు తీసుకుంటున్నదో ఈ భాగహారమే చెపుతున్నది. సీసం పోతపోసే చేతికి తేమలేని గదిలో లిథియం పని దానంతటది రాదు, నేర్పాలి. పెద్ద పెట్టుబడి వున్నంత మాత్రాన ధీమా లేదు. స్వీడను దేశపు నార్త్‌వోల్ట్ 2024లో 1,600 మందిని తీసివేస్తానని ప్రకటించి, 2025 మార్చిలో దివాలా తీసింది.

మొన్న తుమ్మలపెంట నుంచి ఒక తండ్రి వచ్చి, “అయ్యవారూ, మా పిలకాయను బ్యాటరీ కంపెనీలో చేర్చమంటారా?” అని అడిగాడు. పని పర్మనెంటా, కాంట్రాక్టా, నెత్తురు పరీక్ష చేయిస్తారా, ఇంటికి వచ్చేముందు స్నానానికి చోటుందా, కొత్త యంత్రం వస్తే పని నేర్పుతారా – ఇవి కనుక్కోమన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుంటూ అన్నాడు: “ఇవన్నీ అడిగినోడికి పనిస్తారా, అయ్యవారూ?”